తూచబడిన రాజులు: గర్వించిన ఏలికలపై దైవతీర్పును చూపిన క్రైస్తవ చిత్రాలు

అధికారంలో ఉన్నవాడు తన్ను తాను హెచ్చించుకొని దేవునికి చెందవలసిన ఘనతను ఆశించినప్పుడు ఏం జరిగిందో పరిశుద్ధ గ్రంథం పదేపదే చెబుతుంది. ఆకాశాన్నంటే గోపురం కట్టబోయిన బాబెలు వారు, ఇశ్రాయేలీయులను పోనివ్వనని హృదయం కఠినపరచుకొన్న ఫరో, జీవముగల దేవుణ్ణి నిందించిన అష్షూరు రాజు సన్హెరీబు, బబులోనును తానే కట్టించానని అతిశయించిన నెబుకద్నెజరు, మందిరపు పాత్రల్లో ద్రాక్షారసం తాగిన బెల్షస్సరు, ఇది దేవుని స్వరమని జనం కేకలు వేస్తే కాదనని హేరోదు, వీరందరూ ఆ వరుసలోనివారే.

క్రైస్తవ చిత్రకారులు, శిల్పులు ఈ వృత్తాంతాలను పదిహేడు వందల ఏళ్లుగా సమాధి గోడలమీద, రాతిమీద, తోలు పుటలమీద, చెక్క పలకలమీద, కాన్వాసుమీద చూపుతూ వచ్చారు. వాటిలో ముఖ్యమైన కొన్నిటిని కాలక్రమంలో పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం. చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్నను మనసులో ఉంచుకుందాం. ఈ బొమ్మను చూసే మనిషిని చిత్రకారుడు ఎక్కడ నిలబెట్టాడు? రాజుకు ఎదురుగానా, పక్కనా, లేక రాజు కూర్చున్న బల్ల దగ్గరేనా?

ముందుగా వాక్యభాగం

గర్విష్ఠులైన రాజుల చిత్రాల్లో ఎక్కువ భాగం దానియేలు గ్రంథం 4, 5 అధ్యాయాలనుండి వచ్చాయి. ఈ రెండు అధ్యాయాలను జతగా చదవాలి.

నాలుగో అధ్యాయంలో నెబుకద్నెజరు ఆకాశమంత ఎత్తయిన చెట్టును కలలో చూస్తాడు. దాన్ని నరికివేయమనే ఆజ్ఞ వింటాడు. ఆ చెట్టు రాజేనని దానియేలు వివరిస్తాడు. అయితే ఆ మాట చెప్పడానికి ముందు దానియేలు కొంతసేపు కలవరపడి మౌనంగా ఉండిపోయాడు. ఈ కల నీ శత్రువులకు చెందితే బాగుండును అన్న భావంతో రాజుతో మాట్లాడాడు. ఆపైన ఒక సలహా కూడా ఇచ్చాడు: పాపం మాని నీతిని అనుసరించు, బీదలమీద కనికరం చూపు (4:27). పన్నెండు నెలలు గడిచాయి. రాజు తన నగరుమీద తిరుగుతూ ఈ మహా బబులోనును నా బలంతో, నా ఘనతకోసం నేనే కట్టించాను కదా అనుకున్నాడు. మాట నోట ఉండగానే తీర్పు వచ్చింది. మనుషులలోనుండి తరమబడి, పశువులా గడ్డి మేశాడు. ఏడు కాలాలు గడిచాక కన్నులెత్తి ఆకాశంవైపు చూశాడు. బుద్ధి తిరిగి వచ్చింది, రాజ్యమూ తిరిగి వచ్చింది.

ఐదో అధ్యాయంలో బెల్షస్సరు వెయ్యిమంది అధిపతులకు విందు చేస్తాడు. యెరూషలేము మందిరంనుండి తెచ్చిన వెండి బంగారు పాత్రలను తెప్పించి వాటిలో తాగుతూ, లోహపు దేవతలనూ కర్ర దేవతలనూ రాతి దేవతలనూ స్తుతిస్తాడు. దీపస్తంభానికి ఎదురుగా, గోడ పూతమీద ఒక చెయ్యి వ్రాయడం కనిపిస్తుంది. రాజు ముఖం వికారమై, మోకాళ్లు కొట్టుకుంటాయి. ‘మెనే మెనే టెకేల్ ఉఫార్సీన్’ అన్న ఆ మాటలు లెక్కకూ, తూకానికీ, విభజనకూ సంబంధించినవి. తూకపు కొలతల పేర్లు కూడా ఆ మాటల్లో వినిపిస్తాయని పండితులు గమనించారు. రాజ్యం లెక్క ముగిసింది, రాజును తూచగా తక్కువయ్యాడు, రాజ్యం విభజింపబడి మాదీయులకూ పారసీకులకూ వెళ్లింది. ఆ రాత్రే బెల్షస్సరు చంపబడ్డాడు.

చరిత్ర కూడా ఈ సందర్భానికి కొంత వెలుగునిస్తుంది. నెబుకద్నెజరు క్రీ.పూ. 605నుండి 562వరకు ఏలాడు. తన పేరు ముద్రించిన ఇటుకలతో బబులోనును కట్టించాడు. ఆ ఇటుకలు ఇప్పటికీ మ్యూజియంలలో ఉన్నాయి. బెల్షస్సరు పేరు బైబిలు వెలుపల చాలాకాలం దొరకలేదు. 1854లో ఊరు పట్టణపు శిథిలాల్లో దొరికిన మట్టి శాసనాల్లో నబోనిదు రాజు తన పెద్ద కుమారుడైన బెల్షస్సరు కోసం చేసిన ప్రార్థన ఉంది. తండ్రి రాజు, కొడుకు అతని బదులు పాలకుడు. దానియేలుకు రాజ్యంలో మూడవ స్థానం ఇస్తానని బెల్షస్సరు ఎందుకన్నాడో దీనివల్ల అర్థమవుతుంది. బబులోను పారసీకుల వశమైంది క్రీ.పూ. 539లో.

హింసల కాలం: రాజు లేని బొమ్మలు

రోమాలోని ప్రిస్కిల్లా సమాధి గుహల్లో, మూడో శతాబ్దం రెండో భాగానికి చెందిన ఒక గోడచిత్రం ఉంది. షద్రకు, మేషాకు, అబేద్నెగో మంటల మధ్య చేతులు చాచి ప్రార్థిస్తూ నిలబడ్డారు. వారి పైన ఒక పావురం ఎగురుతోంది. వారిని గుండంలో వేయించిన రాజు మాత్రం ఆ బొమ్మలో ఎక్కడా లేడు.

ఈ చిత్రం వేసిన తరం ఏ తరమో గుర్తుంచుకోవాలి. 250లో డెసియసు చక్రవర్తి అందరూ దేవతలకు బలి అర్పించాలని ఆజ్ఞ ఇచ్చాడు. 257నుండి వలేరియను హింస సాగింది. అహంకారి అయిన పాలకుడు వారికి పాత కథలోని పాత్ర కాదు, అప్పటి సింహాసనంమీద ఉన్న మనిషి. అతనికి తీర్పు కలగాలని బొమ్మ వేసుకోవడానికి వారికున్నంత కారణం మరెవరికీ లేదు. అయినా ఆ గుహల్లో మనకు పదేపదే కనబడేవి సింహాల మధ్య దానియేలు, ఓడలో నోవహు, మత్స్యంనుండి బయటపడిన యోనా, అగ్నిగుండంలో ముగ్గురు యువకులు. అన్నీ విడుదల చిత్రాలే. తీర్పును దేవునికి వదిలేసి, దేవుడు తమతో ఉన్నాడన్న సంగతినే వారు గోడమీద వ్రాసుకున్నారు.

312లో పరిస్థితి మారింది. కాన్‌స్టంటైన్ సైన్యం ముందు మాక్సెంటియసు ఓడిపోయి టైబరు నదిలో మునిగి చనిపోయాడు. సంఘ చరిత్రకారుడు యూసేబియసు ఆ మరణాన్ని ఎర్రసముద్రంలో ఫరో మునగడంతో పోల్చాడు. నాలుగో శతాబ్దం చివరి భాగంలో క్రైస్తవుల రాతి శవపేటికలమీద ఎర్రసముద్ర దృశ్యం విరివిగా కనిపిస్తుంది. రథాలు, గుర్రాలు, నీటిలో తలకిందులవుతున్న సైనికులు ఒకవైపు, గట్టెక్కిన ఇశ్రాయేలీయులు మరోవైపు. ఫ్రాన్సులోని ఆర్ల్ పట్టణంలో వీటికి మంచి ఉదాహరణలున్నాయి. బాప్తిస్మాన్ని ఎర్రసముద్రంతో పోల్చిన పౌలు బోధ (1 కొరింథీ 10) ఈ శిల్పాలకు ఆధారం. అయితే అధికారం తమ పక్షాన ఉన్న కాలంలో, ఫరో ఎవరు అన్న ప్రశ్నకు మన శత్రువే అన్న జవాబు ఎంత సులభంగా వచ్చేసిందో కూడా యూసేబియసు పోలికలో చూడవచ్చు.

స్పెయిను గ్రంథం: ఎవరి కమాను కింద విందు?

ఎనిమిదో శతాబ్దంలో స్పెయిను సన్యాసి బియాటసు ప్రకటన గ్రంథానికి ఒక వ్యాఖ్యానం కూర్చాడు. తర్వాతి శతాబ్దాల్లో దాన్ని బొమ్మలతో ఎన్నోసార్లు చేతితో నకలు చేశారు. చాలా ప్రతుల చివర దానియేలు గ్రంథంమీద జెరోము వ్రాసిన వ్యాఖ్యానం చేర్చారు. అందువల్ల బెల్షస్సరు విందు వాటిలో చోటు చేసుకుంది. పదో శతాబ్దం మధ్యలో మాయియసు అనే చిత్రకారుడు తయారుచేసిన ప్రతి ప్రస్తుతం న్యూయార్కులోని మోర్గాన్ గ్రంథాలయంలో ఉంది.

అందులో విందు గుర్రపులాడం ఆకారంలో ఉన్న పెద్ద కమాను కింద జరుగుతుంది. కమాను రాళ్లు ఒకటి విడిచి ఒకటి రంగు మారుతుంటాయి. దీపస్తంభం దగ్గర ఒక చెయ్యి అక్షరాలు వ్రాస్తోంది. ఆ రోజుల్లో స్పెయినులో అధిక భాగం కొర్దోవాలోని ముస్లిం పాలకుల కింద ఉండేది. రంగులు మారే రాళ్ల కమానులకు కొర్దోవా మసీదు పేరు పొందింది. చిత్రకారుడు బబులోను పేరుతో కొర్దోవాను చూపాడని కొందరు పండితులు అంటారు.

అదే నిజమైతే ఒక విషయం గమనించాలి. గుర్రపులాడం కమానులు కొర్దోవాకే పరిమితం కాదు. అదే కాలంలో ఉత్తర స్పెయినులో క్రైస్తవ సన్యాసులు కట్టుకున్న ఆలయాల్లోనూ ఉన్నాయి. 913లో ప్రతిష్ఠించిన సాన్ మిగేల్ దె ఎస్కలాదా ఆలయంలో ఇప్పటికీ ఆ కమానుల వరుసలు నిలిచి ఉన్నాయి. పక్కవాడి కొలువును గుర్తుచేయాలని వేసిన కమాను, ఆ సన్యాసి తలెత్తి చూస్తే తన ప్రార్థనాలయంలోనూ కనిపించేదన్నమాట.

వెన్‌హాస్టన్: బట్టలు లేవు, కిరీటం ఉంది

మధ్యయుగపు ఐరోపా ఆలయాల్లో అంత్యతీర్పు చిత్రం సంఘమంతా చూసేలా ఎదురుగా ఉండేది. ఇంగ్లండులో సఫక్ ప్రాంతపు వెన్‌హాస్టన్ గ్రామ ఆలయంలో సుమారు 1500 నాటి చిత్రం ఒకటి చెక్క పలకలమీద ఉంది. అందులో పునరుత్థానులైనవారు పేతురు ముందుకు వస్తారు. అందరూ దిగంబరులే. అయితే ఒకరి తలపై కిరీటం, మరొకరి తలపై బిషప్పు టోపీ ఉన్నాయి. ఫలానా వారని గుర్తుపట్టడానికి చిత్రకారుడు తలమీది వస్తువును మాత్రం ఉంచాడు. సింహాసనం, వస్త్రాలు, భటులు ఏవీ వెంట రాలేదు. మరో పక్క మికాయేలు త్రాసు పట్టుకొని ఆత్మలను తూస్తున్నాడు. బెల్షస్సరుకు చెప్పిన ‘టెకేల్’ అన్న మాట పల్లె ప్రజలకు ఆ త్రాసు రూపంలో అర్థమయ్యేది.

సంస్కరణ కాలంలో ఈ చిత్రంమీద సున్నం పూశారు. 1892లో ఆలయానికి మరమ్మతులు చేస్తూ, పనికిరాని చెక్కలనుకొని ఆ పలకలను ఆవరణలో పడేశారు. రాత్రి కురిసిన వానకు సున్నం కరిగి బొమ్మ బయటపడింది. ఇప్పుడు దాన్ని మళ్లీ ఆలయంలోనే ఉంచారు.

బ్రూగెల్: గోపురం కింద మోకరిల్లిన కూలీలు

ఫ్లాండర్సు చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ 1563లో వేసిన ‘బాబెలు గోపురం’ వియన్నాలోని కళాచరిత్ర మ్యూజియంలో ఉంది. గోపురం దాదాపు చిత్రమంతా ఆక్రమించింది. దాని కమానుల వరుసలు రోమాలోని కొలొసియంను పోలి ఉంటాయి. బ్రూగెల్ రోమా వెళ్లి వచ్చినవాడు.

ఎడమవైపు కింద ఒక రాజు పరివారంతో పని చూడడానికి వచ్చాడు. రాళ్లు చెక్కేవారు అతని ముందు మోకరిల్లారు. అతడు నిమ్రోదు. ఆదికాండము 11వ అధ్యాయంలో ఏ రాజు పేరూ లేదు. బాబెలు నిమ్రోదు రాజ్యానికి మొదలని 10వ అధ్యాయం చెబుతుంది, గోపురాన్ని అతనితో ముడిపెట్టింది జోసీఫసు వంటివారి సంప్రదాయం. బోధించేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఈ చిత్రంలో ఆకాశంనుండి అగ్ని దిగదు, దేవదూత కనిపించడు. తీర్పు కట్టడంలోనే ఉంది. పైభాగం మబ్బులను తాకుతుంటే కింది అంతస్తులు ఇంకా పూర్తికాలేదు. గోపురం ఒక పక్కకు ఒరిగినట్టుంది. పని చేస్తున్నవారికి అది తెలియదు. రాజుకూ తెలియదు, అతడు మోకరిల్లినవారినే చూస్తున్నాడు.

రెంబ్రాంట్: బల్ల దగ్గర మనకూ చోటు

గర్వించిన రాజుపై తీర్పు అనగానే చాలామందికి గుర్తొచ్చే చిత్రం రెంబ్రాంట్ వేసిన ‘బెల్షస్సరు విందు’. సుమారు 1635నుండి 1638 మధ్య ఆమ్‌స్టర్‌డాములో వేసిన ఈ తైలవర్ణ చిత్రం 1964నుండి లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఎత్తు దాదాపు 168 సెంటీమీటర్లు, వెడల్పు 209. అంటే అందులోని మనుషులు ఇంచుమించు నిజమైన మనుషులంత ఉంటారు.

రాజు తలపై పెద్ద తెల్లని తలపాగా, దానిమీద చిన్న కిరీటం. భుజాలమీద బరువైన జరీ వస్త్రం. రెంబ్రాంట్ ఆ జరీని ముద్దలుగా రంగు పెట్టి తీర్చాడు, దగ్గరగా చూస్తే నిజంగా బంగారు పోత పోసినట్టే ఉంటుంది. రాజు సగం లేచి వెనక్కి తిరిగాడు. ఒక చేతి కింద బల్లమీది పాత్ర దొర్లింది. మరో చెయ్యి గాలిలోకి లేచింది. కుడివైపు ఎర్ర దుస్తుల స్త్రీ అదిరిపడి ఒక పక్కకు ఒరగడంతో ఆమె చేతిలోని పాత్రనుండి ద్రాక్షారసం ఒలికిపోతోంది. ఎడమవైపు కూర్చున్నవారి కళ్లు పెద్దవయ్యాయి. వెనుక నీడలో వాయిద్యం ఊదేవాడు ఇంకా ఏమీ గమనించినట్టు లేడు.

మబ్బులోనుండి వచ్చిన చెయ్యి చివరి అక్షరం ముగిస్తోంది. గదికి వెలుగు ఆ అక్షరాలనుండే వస్తోంది. హెబ్రీ లిపిని కుడినుండి ఎడమకు అడ్డంగా వ్రాస్తారు. ఇక్కడ అక్షరాలు పైనుండి కిందికి నిలువు వరుసల్లో ఉన్నాయి. రాజు జ్ఞానులు ఆ వ్రాతను ఎందుకు చదవలేకపోయారన్న ప్రశ్నకు యూదు బోధకులు ఇచ్చిన జవాబుల్లో ఇది ఒకటి: అడ్డంగా చదవబోయారు కనుక అర్థం కాలేదు. ఆమ్‌స్టర్‌డాములో రెంబ్రాంట్ ఉన్న పేటలోనే ఉన్న యూదు రబ్బీ మెనస్సే బెన్ ఇశ్రాయేలు ఈ వివరణను 1639లో ప్రచురించిన పుస్తకంలో ఇచ్చాడు. రెంబ్రాంట్ ఆయననుండే తెలుసుకొని ఉంటాడని పండితుల అభిప్రాయం. చివరి అక్షరం ‘నూన్’ కావలసి ఉండగా ‘జాయిన్’లా పడింది. ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఆ వ్రాతలో ఇలా ఒక అక్షర దోషం మిగిలిపోయింది.

ఈ చిత్రంలో మనం ఎక్కడ ఉన్నాం? రెంబ్రాంట్ గది వెడల్పు చూపలేదు, వెయ్యిమంది అతిథులను చూపలేదు. బల్లకు ఇవతలి పక్క ఖాళీగా ఉంది. చిత్రం ముందు నిలబడేవాడు సరిగ్గా ఆ ఖాళీలో నిలబడతాడు. రాజు ముఖం అతనికి చేయి చాపినంత దూరంలో ఉంటుంది. అతడు కూడా అతిథే. అంతేకాదు, చిత్రంలో దానియేలు లేడు. అర్థం చెప్పేవాడు ఇంకా రాలేదు. వ్రాత కనబడుతోంది, భయం కలిగింది, ఏం చేయాలో తెలియదు. తప్పుచేసిన మనస్సాక్షి స్థితి ఇంతకంటే సూటిగా బొమ్మలో పడడం అరుదు.

అప్పటికి రెంబ్రాంట్‌కు ముప్పై ఏళ్లు. పేరు వచ్చింది, సంపన్న కుటుంబపు సాస్కియాతో పెళ్లయింది, ఖరీదైన వస్తువులు కొనే అలవాటూ ఉంది. 1656లో అప్పులు తీర్చలేక దివాలా తీశాడు. ఇంట్లోని వస్తువులన్నీ జాబితా వేసి వేలం వేశారు. బంగారు మెరుపును అంత మోజుగా చిత్రించినవాడికి ఆ మెరుపు ఎంత బరువో తర్వాత తెలిసింది.

బ్లేక్: గడ్డి మేసే రాజు

ఇంగ్లిషు కవి, చిత్రకారుడు విలియం బ్లేక్ 1795లో రూపొందించిన ‘నెబుకద్నెజరు’ అచ్చు బొమ్మకు రంగులు, సిరాతో మెరుగు పెట్టిన చిత్రం. ఒక ప్రతి లండన్‌లోని టేట్ మ్యూజియంలో, మరొకటి బోస్టన్ లలితకళల మ్యూజియంలో ఉన్నాయి. రాజు చేతులమీద, మోకాళ్లమీద పాకుతున్నాడు. నేలను తాకే గడ్డం, పక్షి గోళ్లలాంటి గోళ్లు. కళ్లు తెరుచుకొని ఉన్నాయి, వాటిలో ఉన్నది భయమే. కిరీటం లేదు, రాజభవనం లేదు. పేరు చెప్పకపోతే ఇతడు ఒకప్పుడు రాజని ఎవరూ అనుకోరు.

దానియేలు 4వ అధ్యాయంలోని ఒక్క వచనాన్ని ఈ చిత్రం బలంగా చూపుతుంది. కాని వాక్యం అక్కడ ఆగదు. ఆ కన్నులు పైకి లేచాయి, బుద్ధి మళ్లీ వచ్చింది, ఆ రాజే దేవుణ్ణి స్తుతిస్తూ సకల ప్రజలకు తన సంగతి వ్రాయించాడు. ఇది చెప్పకుండా బ్లేక్ బొమ్మ ఒక్కటే చూపితే పిల్లల మనసులో భయం మిగులుతుంది, సువార్త మిగలదు.

మార్టిన్, ఆల్‌స్టన్: జనం చూసిన విందు, పూర్తికాని విందు

జాన్ మార్టిన్ 1821లో లండన్‌లోని బ్రిటిష్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రదర్శించిన ‘బెల్షస్సరు విందు’ రెంబ్రాంట్ చిత్రానికి పూర్తిగా భిన్నం. లెక్కలేనన్ని స్తంభాల మధ్య అంతులేని సభామందిరం. దూరాన బాబెలు గోపురం, వేలాడే తోటలు. గోడమీది అక్షరాలు మెరుపులా మండుతుంటే వేలమంది చీమల్లా చెల్లాచెదురవుతున్నారు. నల్లని వస్త్రాల్లో దానియేలు మధ్యలో నిలబడి అర్థం చెబుతున్నాడు. జనం ఎగబడడంతో చిత్రానికి ముందు కమ్మీ కట్టవలసి వచ్చింది. ఆ సంస్థ 200 గినీల బహుమతి ఇచ్చింది. 1826లో మార్టిన్ స్వయంగా చేసిన అచ్చు ప్రతులతో ఈ దృశ్యం ఎంతోమందికి చేరింది. దీన్ని చూసేవాడు దూరంగా, ఎత్తునుండి చూస్తాడు. ఆశ్చర్యపోతాడు, కాని బల్ల దగ్గర కూర్చోడు. లండన్ జనం దీన్ని వినోదంలా చూడడానికి ఇదొక కారణం కావచ్చు.

అమెరికా చిత్రకారుడు వాషింగ్టన్ ఆల్‌స్టన్ ఇదే అంశాన్ని 1817లో లండన్‌లో మొదలుపెట్టాడు. మరుసటి ఏడు కాన్వాసును చుట్టి బోస్టన్‌కు తీసుకెళ్లాడు. దృక్కోణం సరిగా లేదని మార్చడం మొదలుపెట్టాడు. మార్చినకొద్దీ మరో మార్పు అవసరమైంది. ముందుగానే డబ్బు కట్టిన పోషకులు ఎదురుచూస్తూనే ఉన్నారు. 1843లో ఆయన చనిపోయేనాటికి చిత్రం పూర్తికాలేదు. అది ఇప్పుడు డెట్రాయిట్ కళాసంస్థలో ఉంది. తూచగా తక్కువైన రాజు బొమ్మ, దాన్ని వేసినవాడికే పాతికేళ్లు త్రాసులా వేలాడింది.

పాత్రలు ఎవరి చేతిలో ఉన్నాయి?

మన సంఘాల్లో ‘మెనే టెకేల్’ ప్రసంగం కొత్త కాదు. తరచుగా అది ప్రభుత్వాలమీద, ప్రత్యర్థులమీద, లేదా సంఘ వివాదంలో అవతలి వర్గంమీద విసిరే మాట అవుతుంది. అన్యాయం చేసే పాలకుణ్ణి ప్రవక్తలా హెచ్చరించడం సంఘం బాధ్యతే, దానియేలు ఆ పని చేశాడు. కాని బెల్షస్సరుపై మోపబడిన నేరాన్ని మళ్లీ చదవండి. పన్నులు, యుద్ధాలు, చెరసాలలు అక్కడ ప్రస్తావనకు రాలేదు. నీ పూర్వికుడికి జరిగినదంతా తెలిసి కూడా నీవు తగ్గించుకోలేదు (5:22), దేవుని మందిరపు పాత్రలను నీ విందుకు వాడుకున్నావు (5:23). మొదటిది వాక్యం తెలిసినవారు మాత్రమే చేయగల పాపం. రెండోది పరిశుద్ధమైనవి చేతిలో ఉన్నవారు మాత్రమే చేయగల పాపం. వాక్యం తెలిసినవారూ, మందిరపు వస్తువులు చేతిలో ఉన్నవారూ నేడు ఎక్కువగా ఎక్కడ ఉన్నారు? సంఘంలోనే కదా.

కానుకలు, సంఘ ఆస్తులు, వేదిక, మైకు, పాట, ప్రార్థన, చివరికి విశ్వాసుల నమ్మకం, ఇవన్నీ దేవునికి ప్రతిష్ఠించిన పాత్రలు. వాటిని ఒక మనిషి ఘనతకోసం వాడినప్పుడు ఆ విందు బబులోనులో జరగనక్కరలేదు. నెబుకద్నెజరు ఇటుకలమీద తన పేరు ముద్రించుకున్నాడని చదివి నవ్వుకుంటాం. మన ఆలయంలో ఫ్యాను రెక్కలమీద, బెంచీలమీద, శంకుస్థాపన ఫలకాలమీద ఎవరి పేర్లున్నాయో ఈ ఆదివారం ఒకసారి చూద్దాం. ప్రతి పేరూ గర్వమని చెప్పలేం. ఆ పేరు లేకపోతే ఆ కానుక వచ్చేదా అన్న ప్రశ్న మాత్రం వేసుకోవచ్చు.

దానియేలు నడవడిని కూడా ఈ చిత్రాల పక్కన పెట్టుకోవాలి. నెబుకద్నెజరుకు రాబోయే కీడు తలచుకొని కలత చెందాడు. బెల్షస్సరు కానుకలు నాకొద్దన్నాడు. మాటను మాత్రం మెత్తబరచలేదు. తీర్పును ప్రకటించేవాడికి దుఃఖం, నిస్వార్థం, ధైర్యం మూడూ ఉండాలి. ఒకటి తగ్గినా అది పగ అవుతుంది, లేదా వ్యాపారం అవుతుంది, లేదా ముఖస్తుతి అవుతుంది.

సంఘంలో ఈ చిత్రాలను వాడుకునేవారికి

ఈ చిత్రాలు చాలావరకు ఆయా మ్యూజియంల వెబ్‌సైట్లలో ఉన్నాయి. యువజన కూడికలో, సండే స్కూలులో, బైబిలు అధ్యయనంలో తెరమీద చూపవచ్చు. కొన్ని సూచనలు:

ముందు వాక్యభాగం పూర్తిగా చదివించండి, తర్వాతే బొమ్మ చూపండి. లేకపోతే చిత్రకారుడి ఊహ లేఖనంలా గుర్తుండిపోతుంది. నిమ్రోదు విషయం దీనికి ఉదాహరణ.

రెంబ్రాంట్ చిత్రాన్నీ మార్టిన్ చిత్రాన్నీ పక్కపక్కన ఉంచి, నీవు ఎక్కడ ఉన్నావు అని అడగండి. జవాబులు తొందరపెట్టకుండా రానివ్వండి. దానియేలు లేని చిత్రంలో వ్రాత అర్థం ఎవరు చెబుతారని కూడా అడగవచ్చు.

చిన్నపిల్లలకు బ్లేక్ చిత్రం చూపితే 4వ అధ్యాయం చివరి వచనాలు చదవకుండా ముగించవద్దు.

ప్రిస్కిల్లా గోడచిత్రాన్ని చివర చూపండి. శ్రమలో ఉన్న విశ్వాసులు అహంకారి రాజును వదిలి దేవుని సన్నిధినే ఎందుకు చిత్రించుకున్నారో చర్చించండి. ఇబ్బందులు ఎదుర్కొంటున్న సంఘాలకు ఇది ఎంతో ఆదరణనిస్తుంది.

రాజు పడిపోవడాన్ని చిత్రించినవారు ఎందరో ఉన్నారు. రాజు కన్నులెత్తిన క్షణాన్ని చిత్రించినవారు అరుదు. పడిపోవడం చూడడానికి ఆసక్తిగా ఉంటుంది, పశ్చాత్తాపంలో కంటికి కనబడే అట్టహాసం ఏముంటుంది? అయినా నెబుకద్నెజరు కథలో దేవుడు కోరినది ఆ క్షణమే. ఏడు కాలాలు దానికోసమే గడిచాయి. నరికిన చెట్టు మొద్దును నేలలో ఉండనిమ్మని కలలోనే ఆజ్ఞ ఉంది (4:15). మొద్దు మిగిలిందంటే చిగురు ఆశ కూడా మిగిలిందనే అర్థం. గోడమీది వ్రాత మనకు కనబడుతున్న ఈ దినాన, మనమూ తగ్గించుకొని కన్నులెత్తుదాం.